తొమ్మిది మణుగుల మనిషి

కుప్పంలో ఒక చింతపండు వర్తకుడి ఇంట పెళ్ళి. గాడిపొయ్యి మీద నాలుగు పెద్ద రాగి దేగ్‌లలో పలావు ఉడుకుతూ ఉంది. రెండో దేగ్ కింద కట్టె వెనక్కి లాగడానికి వంట మేస్త్రీ ఉస్మాన్ సాబ్ వంగాడు. వంగినవాడు లేవలేకపోయాడు. పొట్ట తొడలకూ గుండెకూ మధ్య ఇరుక్కుని ఊపిరి సగంలో నిలిచింది. లేవడానికి కుడిచెయ్యి నేలకు ఆనించబోయి నిప్పుల మీద ఆనించాడు.

ఇద్దరు చంకల కింద చేతులు వేశారు. ఇంకొకడు వెనకనుంచి లుంగీ ముడి పట్టుకున్నాడు. ముగ్గురూ కలిసి పైకి లాగారు.

"బాయిలో పడిన ఎనుమును లాగినట్లుండాది" అన్నాడు లుంగీ పట్టుకున్నవాడు. పందిట్లో నవ్వారు. ఉస్మాన్ కూడా నవ్వాడు. పెళ్ళివారి ముందు నవ్వడం అతని వృత్తిలో భాగం.

కాలిన చేతికి తడిగుడ్డ చుట్టుకుని మళ్ళీ గరిటె పట్టాడు. కలియబెడుతుంటే గడ్డం కింది మడతలోంచి చెమట ఒక్కొక్క చుక్కే జారి దేగ్‌లో పడింది. ఎవరూ చూడలేదు. అతను చూశాడు. ఆ చుక్కలు నెయ్యిలో కలిసిపోయి కనిపించకుండా పోయాయి.

ఉస్మాన్ ఇంటి వంటకు ఒక కట్టుబాటు ఉంది. దేగ్ మూత తీశాక మొదటి పళ్ళెం వండినవాడూ, ఇంటి పెద్దా ఎదురెదురుగా కూర్చుని ఒకే పళ్ళెంలో తినాలి. ఆ తర్వాతే వడ్డన. అతని తాత కాలంలో ఎవరో లోపలి తగరపు కళాయి పోయిన రాగి దేగ్‌లో వండితే పెళ్ళి మొత్తం వాంతులు చేసుకుందట. అప్పటినుంచి మదనపల్లె, పుంగనూరు, కుప్పం చుట్టుపక్కల సాయిబుల పెళ్ళిళ్ళలో ఈ పద్ధతి నిలిచింది. ఆ రోజు కూడా ఉస్మాన్ మొదటి పళ్ళెం తిన్నాడు. తన చెమట తనే తింటున్నానని తెలిసి తిన్నాడు.

1945 ఎండాకాలం అది. అతనికి నలభై ఐదేళ్ళు.

మదనపల్లె వచ్చాక చేతికి కట్టు కట్టించుకోవడానికి గోపాలస్వామి డాక్టరు దగ్గరకు వెళ్ళాడు. డాక్టరు చెయ్యి చూసింది కొంచెంసేపు, ఒళ్ళు చూసింది చాలాసేపు.

"మీ నాయన ఎన్నో ఏట పోయినాడు?"

"నలభై ఎనిమిదిలో సార్."

"దేంతో?"

ఉస్మాన్ తండ్రి కూడా వంట మేస్త్రీయే. ఒక పెళ్ళిలో మొదటి పళ్ళెం ముందు కూర్చుని, పళ్ళెం మీదికే ఒరిగిపోయాడు. ఆ శవాన్ని స్నానం చేయించడానికి ఆరుగురు తిప్పవలసి వచ్చింది. తవ్విన గొయ్యి చాలక, జనాజా పక్కన దించి మళ్ళీ తవ్వారు. మే నెల ఎండ. గొయ్యి వెడల్పు అయ్యేసరికి వచ్చినవాళ్ళంతా ముక్కులకు గుడ్డలు అడ్డం పెట్టుకున్నారు. అప్పటికి ఉస్మాన్‌కు ఇరవై రెండేళ్ళు. తండ్రి మీద ప్రేమా, ఆ వాసన మీద అసహ్యమూ ఒకేసారి కలిగాయి. ఆ రెంటినీ ఇప్పటికీ విడదీయలేకపోతున్నాడు.

"నీకు మూడేండ్లుండాది అయితే" అన్నాడు గోపాలస్వామి, అతను జవాబు చెప్పకముందే. "తెల్లారి లేసి కొండెక్కు. వరన్నం, నెయ్యి, మాంసం మానుకో. రాగిసంగటి, ఆకుకూర, మజ్జిగ. మందు రాసియ్యను. ఇదే మందు."

ఊరి చివర కట్టెల డిపోలో పెద్ద త్రాసు ఉంది. అక్కడ రోజూ కట్టెలు తెచ్చి వేసే మారప్ప అనేవాడు తూకంరాళ్ళు ఎత్తి పెట్టాడు. తొమ్మిది మణుగుల మూడు వీశెలు, ఇప్పటి లెక్కలో నూరు కిలోల పైమాట.

"చింతమొద్దు గూడా ఇంత తూగదప్పా" అన్నాడు మారప్ప. "పచ్చిదో, ఎండుదో సీల్చి సూడాల."

మర్నాడు తెల్లవారుజామున ఉస్మాన్ మారప్ప వెంట బసినికొండకు బయలుదేరాడు. మారప్ప ఎముకల మనిషి. గొడ్డలి భుజాన వేసుకుని మాట్లాడుతూనే ఎక్కుతాడు. ఉస్మాన్ మొదటి బండరాతి గుండు దాకా ఎక్కి, దాన్ని పట్టుకుని కక్కుకున్నాడు. రాత్రి తిన్న కైమా అరగకుండా వచ్చింది.

మారప్ప కొంచెం దూరంగా కూర్చుని చూశాడు.

"ఈడ పారేసినావే, మా ఇంట్లో అయితే అది పండగ సాయిబూ."

ఉస్మాన్ మూతి తుడుచుకున్నాడు.

"అయినా నాకు తెలీకడుగుతా. దినామూ ఈ కొండెక్కి కట్టెలు దించితే నా పెండ్లాంబిడ్డలకు రొండు పూట్ల సంగటి. నువ్వు తినిందాన్ని పోగొట్టుకునేదానికి ఎక్కుతాండావా? తినకముందే నాకిచ్చుంటే అయిపోయేది గదా."

ఆ ఏడు బియ్యం కంట్రోలులో ఉంది. రేషన్ డిపో ముందు ఆడవాళ్ళు జొన్నల కోసం పొద్దున్నే బారులు తీరేవారు. కొండకు పోయే దారి ఆ బారు పక్కనుంచే. ఉస్మాన్ పొట్టను ముందేసుకుని వాళ్ళ పక్కనుంచి నడవాలి. పెళ్ళివాళ్ళు దొంగచాటుగా తెచ్చిన సన్నబియ్యం వండి, తిని, పెంచిన పొట్ట. వాళ్ళు ఏమీ అనేవారు కాదు. చూసేవారు. మొదటి నెల అతన్ని కొండ కంటే ఆ చూపులే ఎక్కువ ఆయాసపెట్టాయి.

సంగటి అతనికి మింగుడుపడలేదు. పళ్ళకు బంకమట్టిలా అతుక్కునేది.

"నమలగాకు" అన్నాడు మారప్ప, కొండ మీద తన మూట విప్పుతూ. "ముద్ద సేసి, ఊరిబిండి కారంలో అద్ది, మింగు. నమిలేదానికి అదేమన్నా మీ బొక్కలా?"

మారప్ప పళ్ళెంలోనే అతనూ చెయ్యి పెట్టాడు. పళ్ళెం ఒకటే ఉంది.

ఇంట్లో భార్య తాహెరా సంగటి కెలకడం తన వల్ల కాదంది. "మా పుట్టింట్లో ఇది కూలోళ్ళకు పోసేది అజీ. మీరు తింటాంటే పక్కింటోళ్ళు ఏమనుకుంటారు?" అయినా కెలికింది. కెలికినప్పుడల్లా మొహం పక్కకు తిప్పుకునేది.

వానాకాలం వెళ్ళేసరికి ఉస్మాన్ సగం కొండ ఎక్కుతున్నాడు. చలికాలంలో మెడకు మఫ్లరు చుట్టి, కర్ర ఊతంగా కొన దాకా ఎక్కి, మారప్ప కట్టెలు కొట్టినంతసేపూ అక్కడ తిరిగి, దిగేటప్పుడు ఒక చిన్న మోపు తనూ తలకెత్తుకున్నాడు. ఎనిమిదో నెలలో త్రాసు మీద ఏడు మణుగుల రెండు వీశెలు తూగాడు.

ఒళ్ళు తగ్గింది గాని అందం రాలేదు. లోపలి సరుకు తీసేసిన గోనెసంచిలా పొట్ట చర్మం వేలాడింది. మెడ కింద తోలు జారి, చెంపలు లోపలికి పోయాయి. స్నానం చేసేటప్పుడు ఆ తోలును రెండు చేతులా పట్టుకుని చూసి, చప్పున వదిలేసేవాడు. అయితే గొంతుకూర్చుని, నేలకు చెయ్యి ఆనించకుండా లేవగలిగాడు. ఆ పని పెరట్లో ఒంటరిగా పదిసార్లు చేసి చూసుకున్నాడు. ఆ వారం ఒక్కటే అతను సంతోషంగా ఉన్నాడు.

మదనపల్లెకు అవతల క్షయరోగుల ఆసుపత్రి ఉంది. ఎక్కడెక్కడివాళ్ళో అక్కడికి వచ్చేవారు. మందుకంటే ఎక్కువగా గాలీ, పాలూ, గుడ్లూ, విశ్రాంతీ అక్కడ వైద్యం. కొంచెం కోలుకున్నవాళ్ళను పొద్దున్నే కొలత ప్రకారం నడిపించేవారు. మెడకు మఫ్లరు, చేతిలో కర్ర. వాళ్ళు ఎదురైతే ఊరివాళ్ళు రోడ్డు అవతలికి దాటేవారు. వారం వారం తూకం. ఒళ్ళు వచ్చినవాడు ఇంటికి పోతాడు, తగ్గినవాడు పోడు. ఈ సంగతి మదనపల్లెలో చంటిపిల్లలకు కూడా తెలుసు. మనిషి లావుగా ఉంటే గట్టివాడు. చిక్కితే అదే జబ్బు. చిక్కినవాడు మఫ్లరు చుట్టుకుని, కర్ర పట్టుకుని, తెల్లవారకముందే గాలి కోసం పోతుంటే ఇక అడగవలసింది ఏమీ లేదు.

కంట్రోలు రోజుల్లో తిండి ఉన్న మనిషి తినకుండా ఉంటాడని ఎవరు నమ్ముతారు?

మొదట తెలిసింది హనుమంతు టీ అంగట్లో. ఉస్మాన్ గ్లాసు మేకుకు విడిగా వేలాడుతూ ఉంది.

"ఇదేంది హనుమంతూ, నాకు సపరేటుగా?"

"పెద్దోళ్ళకు పెద్ద గ్లాసు సాబ్."

అది పెద్ద గ్లాసు కాదు. అంచు విరిగింది. ఉస్మాన్ తాగి పెట్టాక హనుమంతు దాన్ని పటకారుతో పట్టుకుని ఉడుకునీళ్ళలో ముంచాడు. అదే పటకారుతో తర్వాత పొయ్యిలో బొగ్గులు సర్దాడు.

అక్క కొడుకు గౌస్ ఉస్మాన్ దగ్గరే పని నేర్చుకున్నాడు. ముప్పై ఏళ్ళవాడు, అప్పుడే చొక్కా బొత్తాలు పట్టని పొట్ట. అతనే వచ్చి చెప్పాడు. "కలకడ పెండ్లి వొద్దన్నారు మామూ. గుర్రంకొండోళ్ళు గూడా వేరే మేస్త్రీని మాట్లాడుకున్నారంట."

"యాల?"

"నువ్వు దగ్గుతాండావంట."

"నేను యాడ దగ్గినాను?"

"నాకు తెల్దా మామూ. నువ్వు ఆ కొండెక్కేది మానుకో ముందు."

ఉస్మాన్ ఒక తప్పు చేశాడు. రుజువు చూపితే నోళ్ళు మూతపడతాయనుకున్నాడు. నేరుగా క్షయ ఆసుపత్రికే వెళ్ళి, డబ్బాలో ఉమ్మి ఇచ్చి, రొమ్ముకు ఫొటో తీయించుకుని, జబ్బు లేదని డాక్టరు రాసిన కాగితం తెచ్చుకున్నాడు. కాగితం ఇంగ్లీషులో ఉంది. దాన్ని ఎవరూ చదవలేదు. అతను ఆ గేటులోంచి బయటికి రావడం మాత్రం జట్కా సాయిబులు నలుగురు చూశారు.

శుక్రవారం నమాజులో భుజానికి భుజం తగిలేటట్టు నిలబడాలి. ఆ శుక్రవారం ఉస్మాన్‌కు కుడివైపున ఒక మనిషి పట్టేంత చోటు, ఎడమవైపున అంత చోటు మిగిలాయి. వెనక వరసలో చోటు చాలక జనం ఎండలో నిలబడ్డారు. ఆ రెండు చోట్లకూ ఎవరూ రాలేదు.

ఆ మధ్యాహ్నం తాహెరా అతని ముందు పళ్ళెం పెట్టింది. సన్నన్నం, కొవ్వు తేలే కూర, పైన కరిగిన నెయ్యి.

"తినండి అజీ. నాలుగు నెలలు. మళ్ళా లావైతే అందురూ నోర్లు మూసుకుంటారు."

నెయ్యి అన్నం మీదనుంచి జారి పళ్ళెం అంచున పచ్చగా నిలిచింది. అతను ముద్ద చేశాడు. నోటి దాకా తెచ్చి దించాడు.

"పుంగనూరు పెండ్లి ఉండాది గదా. జిలాన్ సాబ్ వొద్దనలేదు. ఆయన నాతో పళ్ళెంలో కూసుంటే సాలు. మూడూర్లలో ఇంకెవురూ మాట్లాడరు."

"కూసోకపోతే?"

ఉస్మాన్ చెయ్యి కడుక్కున్నాడు.

జిలాన్ సాబ్ పుంగనూరులో తోళ్ళ వ్యాపారి. ఆయన పెళ్ళికి ఉస్మాన్ తండ్రి వండాడు. కొడుకు పెళ్ళికి ఉస్మాన్ చేతే వండిస్తానని ఏడాది కిందటే మాట ఇచ్చాడు. ఇచ్చిన మాట తప్పడం ఆయనకు పరువు తక్కువ. అందుకే వద్దనలేదు. ఇంత మందికే అన్నం పెట్టాలని సర్కారు ఆంక్ష ఉన్నా, తోళ్ళ గోదాము వెనక మూడు వందల మందికి పందిరి వేయించాడు. పచ్చితోళ్ళ కంపు గోడ దాటి వస్తూనే ఉంది. ఆకలిగా ఉన్నవాళ్ళకు అది అడ్డం కాలేదు.

కట్టెలు మారప్ప బండిలోనే వచ్చాయి. ఆ రోజు ఉస్మాన్ వండినంత సులువుగా ఎన్నడూ వండలేదు. గాడిపొయ్యి పొడవునా గొంతుకూర్చుని కదులుతూ నాలుగు దేగ్‌ల మంటా తనే చూసుకున్నాడు. చెమట పట్టింది గాని దేగ్‌లో పడలేదు, తలకు గుడ్డ బిగించాడు. పిండితో మూసిన మూతలు పగలగొట్టేసరికి పదకొండు గంటలు. మెతుకుకు మెతుకు విడిగా ఉంది.

మొదటి పళ్ళెం తెచ్చి చాప మీద పెట్టారు. ఉస్మాన్ ఒకవైపు కూర్చున్నాడు. జిలాన్ సాబ్ ఎదురుగా కూర్చున్నాడు. పందిట్లోవాళ్ళంతా పళ్ళెం వైపు తిరిగారు.

ఉస్మాన్ ఒక ముద్ద తిన్నాడు. సంగటికి అలవాటుపడ్డ నోటికి నెయ్యి వెగటుగా తగిలింది.

జిలాన్ సాబ్ తన వైపు అంచున వేళ్ళకొసలతో నాలుగు మెతుకులు తీశాడు. నోటి దగ్గరికి తీసుకుపోయాడు. ఎడమచేత్తో పట్టుకున్న రుమాలుతో మూతి తుడుచుకున్నాడు. చెయ్యి కిందికి వచ్చేసరికి మెతుకులు రుమాల్లో ఉన్నాయి.

ఉస్మాన్ లేచాడు. మొదటి దేగ్ మూత మళ్ళీ పెట్టి, మూత పక్కన గట్టు మీద కూర్చున్నాడు.

"ఏమైంది భాయ్?"

"ఇంటి పెద్ద తినందే వడ్డించేది ల్యా సాబ్."

"తిన్నాను గదా."

"రుమాలు తినింది."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ముందు వరసలో కూర్చున్న ముసలాయన గొణిగాడు. "ఎంతసేపప్పా ఇది? అన్నం సల్లారిపోతాంది." ఇంకొకడు అందుకున్నాడు. "తినేస్తే పోదా జిలాన్ సాబ్! ఒక ముద్దే గదా." మూడు వందల కడుపులు మూత మీదే చూస్తున్నాయి. గౌస్ మామ చెయ్యి పట్టుకు లాగబోయి, మళ్ళీ వదిలేశాడు.

జిలాన్ సాబ్ నిండు ముద్ద చేశాడు. కళ్ళు మూసుకుని, కషాయం మింగినట్టు మింగాడు. గొంతు ఎముక పైకి పోయి కిందికి వచ్చింది. ఉస్మాన్ ఆ ఎముకనే చూశాడు. తర్వాత మూత తీశాడు.

జనం పళ్ళేల మీద పడ్డారు. నెయ్యి మోచేతుల దాకా కారింది. బొక్కలు చీకుతూ, పక్కవాడి వైపు ముక్క తమ వైపుకు లాక్కుంటూ, తోళ్ళ కంపులో, ఈగల్లో తిన్నారు. ఉస్మాన్ చేత్తో కడిగిన బియ్యం, ఉస్మాన్ చేత్తో కలిపిన మాంసం. దానికి ఎవరికీ అభ్యంతరం లేదు.

చేతులు కడుక్కోవడానికి అతను గోదాము పక్కకు వెళ్ళాడు. గోడ అవతల ఎవరో గొంతులో వేళ్ళు పెట్టుకుని కక్కుతున్నారు. కక్కి, పుక్కిలించి, మళ్ళీ వేళ్ళు పెట్టుకుంటున్నారు. ఆగాక జిలాన్ సాబ్ కళ్ళు తుడుచుకుంటూ ఇవతలికి వచ్చాడు. ఉస్మాన్‌ను చూసి నిలబడిపోయాడు.

"తప్పుగా అనుకోగాకు భాయ్" అన్నాడు. "మనసు ఒప్పుకోలా. ఇంట్లో పిల్లోళ్ళుండారు."

"నాకు జబ్బు లేదు సాబ్. కాగితముండాది."

"కాగితం యాడ సూస్తారు? మొగం సూస్తారు. నేనొకటి సెప్తా విను. నాలుగు నెలలు ఇంట్లో కూసో. నెయ్యి డబ్బా నేనే పంపిస్తా. బాగా తిను. మళ్ళా ఒళ్ళు రానీ. అప్పుడు నేనే అందురి ముందర నీతో కూసుంటా."

"మా అబ్బ తిన్నాడు సాబ్" అన్నాడు ఉస్మాన్. "గోరీ చాలక మళ్ళా తవ్వినారే, ఆ పొద్దు నువ్వూ వచ్చింటివి. ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకోనుంటివి."

జిలాన్ సాబ్ లోపలినుంచి పిలుపు రాగానే వెళ్ళిపోయాడు.

ఉస్మాన్ గాడిపొయ్యి దగ్గరకు వచ్చి పెద్ద గరిటెను బూడిదతో తోమి, కడిగి గౌస్‌కు ఇచ్చాడు.

"ఇంక నువ్వు పట్టు."

గౌస్ నోట్లో ఎముక ఉంది. "అంటే? మొదటి పళ్ళెంలో నేను కూసోవాల్నా?"

"నువ్వే. అయితే పొద్దున్నే కొండకు రా."

"నాకేంది మామూ, బాగానే ఉండాను గదా" అని గౌస్ పొట్ట మీద చరుచుకుని నవ్వాడు. ఎముక ఆ పక్కనుంచి ఈ పక్కకు మార్చుకున్నాడు.

మారప్ప బండి కడుతున్నాడు. "ఎక్కు సాయిబూ. కట్టెల డిపోలో తూకమేసేదానికి మనిషి కావాలంటాండారు. రాళ్ళెత్తల్ల, అంతే. అడగమంటే అడుగుతా."

"అడుగు. నేను నడిసొస్తా."

"మదనపల్లి దాకానా? నీకు తిక్కగాని పట్టిందా?"

ఉస్మాన్ అప్పటికే రోడ్డు ఎక్కాడు. ఊరు దాటాక ఒక చోట వాగులో కొంచెం నీళ్ళు కనిపించాయి. దిగి ఇసకతో చేతులు రుద్దుకున్నాడు. వాసన చూశాడు. మళ్ళీ రుద్దుకున్నాడు. నెయ్యి గోళ్ళ సందుల్లో ఉండిపోయింది.

మిట్ట దగ్గర మదనపల్లె పోయే బస్సు ఆగి ఉంది. యుద్ధం అయిపోయినా ఆ బస్సు ఇంకా బొగ్గు మీదే నడుస్తూ ఉంది. మిట్ట ఎక్కలేక పొగ కక్కుతోంది. జనం దిగి వెనకనుంచి నెడుతున్నారు. సగం మంది పెళ్ళిలో తిన్నవాళ్ళే. రెండడుగులు నెట్టి, పొట్టలు పట్టుకుని రోడ్డు పక్కన కూలబడుతున్నారు. ముందు వరసలో గొణిగిన ముసలాయన ముళ్ళకంప దగ్గర వంగి, తిన్నదంతా బయటికి తెచ్చుకుంటున్నాడు. ఈ వాంతికి కళాయి కారణం కాదు.

"ఓ సాయిబూ! ఉత్తసేతుల్తో పోతాండావే, ఒక సెయ్యెయ్యప్పా" అని డ్రైవరు కేకేశాడు. అతనిది ఈ ఊళ్ళు కాదు.

ఉస్మాన్ వెళ్ళి బస్సు వెనక రేకుకు చేతులు ఆనించాడు. కుడివైపు నెడుతున్నవాడు అతని మొహం చూసి, చేతులు తీసి, అవతలి మూలకు జరిగాడు. ఎడమవైపువాడు తువ్వాలు మూతికి అడ్డం పెట్టుకున్నాడు. మసీదులో మిగిలినంత చోటే ఇక్కడా మిగిలింది.

ఉస్మాన్ ఆ చోటు చూశాడు. రేకు మీదనుంచి చేతులు తీసి, లుంగీ ఎగగట్టి, బస్సు పక్కనుంచి మిట్ట ఎక్కాడు. వెనకనుంచి తిట్టారు. మిట్ట పైన ఒకసారి నిలబడ్డాడు. ఊపిరి మామూలుగానే ఉంది. కింద వాళ్ళు ఇంకా నెడుతున్నారు. మదనపల్లెకు ఇంకా పద్నాలుగు మైళ్ళు ఉందని మైలురాతి మీద రాసి ఉంది. అతను కింద ఉమ్మి, నడవసాగాడు.